ప్లేయరు వాల్యూమ్ పరిమితి: నాకు తియ్యాలి, మా అమ్మాయికి పెట్టాలి

గోపాలపట్నం శ్రోత · ఆదివారం, ఉదయం 7.50

సభ్యులందరికీ నమస్కారం. ఫోనులో పాటలు వినడం నాకు నచ్చదు, ఎందుకంటే చరణం మధ్యలో ఆఫీసు నుంచి ఫోన్ వస్తే ఆ పాట ఆ పూటకు పోయినట్టే. అది తెలిసి జర్మనీలో ఉంటున్న మా బావమరిది సంక్రాంతికి వచ్చినప్పుడు అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దదైన మ్యూజిక్ ప్లేయరు ఒకటి తెచ్చి ఇచ్చాడు. అందులో 1950ల నుంచి 70ల వరకు వచ్చిన సినిమా పాటలు నాలుగు వందలకు పైగా వేసుకున్నాను. నేను గోపాలపట్నంలో బస్సెక్కి ఎన్ఏడీ, గాజువాకల మీదుగా కూర్మన్నపాలెం వెళ్తాను. రానూ పోనూ రోజుకు దాదాపు రెండు గంటలు, వారానికి ఆరు రోజులు ఈ ప్రయాణం తప్పదు.

సమస్య ఏమిటంటే, వాల్యూమ్‌ను చివరి అంకె అయిన 30 వరకు పెంచినా బస్సు శీలానగర్ దాటేసరికి పాటలో తబలా తప్ప మరేమీ వినిపించదు. ఇంట్లో పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మోత లేకపోయినా శబ్దం మరీ పీలగా ఉంటోంది. బస్సులో వాడే ఇయర్‌ఫోన్లు మా ఆవిడ ఫోనుకు తగిలిస్తే బాగానే మోగుతున్నాయి కనుక లోపం ప్లేయరులోనే ఉందని నా అనుమానం. డాబాగార్డెన్స్‌లో ఒక దుకాణంలో చూపిస్తే, "ఇది యూరప్ సరుకు, సౌండు ఇంతే వస్తుంది" అని తిప్పి ఇచ్చేశారు. ఎడమవైపు కాస్త తక్కువగా వినిపిస్తున్నట్టు కూడా ఉంటుంది గానీ, అది పిన్ను లోపం కావచ్చు. ఈ పరిమితిని తీసే దారి ఏదైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

రెండో ప్రశ్న దీనికి సరిగ్గా తిరగేసినది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటుంటే పక్క గదిలో ఉన్న నాకు పాట పల్లవి తెలిసిపోతోంది. ఆమె ఫోనుకు తాను తీసేయలేని విధంగా ఒక హద్దు పెట్టాలి. ఒకే ఇంట్లో ఒకరికి తియ్యమని, ఒకరికి పెట్టమని అడుగుతున్నానని నవ్వుకోకండి.

జగదాంబ రిపేరు బల్ల · ఆదివారం, ఉదయం 9.15

శ్రోత గారూ, దుకాణంవారు చెప్పిన మాటలో సగం నిజమే ఉంది. ఐరోపా మార్కెట్టు కోసం తయారైన ప్లేయర్లకు శబ్ద పరిమితి చాలాకాలంగా ఉంది. ఈ కథ ఫ్రాన్సులో మొదలైంది. 1996లో అక్కడ వచ్చిన చట్టం జేబు ప్లేయర్ల శబ్దం 100 డెసిబెళ్లు దాటకూడదన్నది. 2002లో ఆపిల్ సంస్థ ఐపాడ్‌లను అక్కడి దుకాణాల నుంచి కొంతకాలం వెనక్కు తీసుకుని, శబ్దాన్ని తగ్గించే కొత్త సాఫ్ట్‌వేరు వేసి మళ్లీ అమ్మింది. తరువాత 2013 నుంచి ఐరోపా సమాఖ్య అంతటా కొత్త ప్రమాణం అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ప్లేయరు మామూలుగా 85 డెసిబెళ్ల దగ్గర ఆగాలి. అంతకుమించి కావాలంటే తెర మీద హెచ్చరిక వచ్చి, వినేవారు ఒప్పుకున్నట్టు మీట నొక్కాలి. నొక్కినా 100 దాటకూడదు. 20 గంటలు విన్నాక ఆ హెచ్చరిక మళ్లీ రావాలి.

అందుచేత మీరు మొదట చూడవలసింది ఆ హెచ్చరికనే. నా బల్ల మీదికి వచ్చే "సౌండు లేని" ఫారిన్ ప్లేయర్లలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. తెర మీద అర్థంకాని భాషలో ఏదో వస్తే "వద్దు" అని నొక్కి ఉంటారు, అంతే. తరువాత సెట్టింగులలో వాల్యూమ్ పరిమితి అనే వరుస ఉందేమో చూడండి. సోనీ వాక్‌మన్‌లలో దీనినే ఏవీఎల్ఎస్ అంటారు. మూడోది ప్రాంతం ఎంపిక. సాన్‌డిస్క్ క్లిప్ వరుస ప్లేయర్లలో మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఐరోపానా, మిగతా ప్రపంచమా అని అడుగుతుంది. రెండోది ఎంచుకుంటే వాల్యూమ్ పెరుగుతుంది. మీ దాంట్లోనూ అలాంటి ఏర్పాటు ఉంటే, ఫ్యాక్టరీ రీసెట్ చేసి మళ్లీ ఎంచుకోవచ్చు. అయితే రీసెట్‌కు ముందు పాటలన్నీ కంప్యూటరులోకి కాపీ చేసుకోవడం మరచిపోకండి.

ఎర్త్ వైరు · ఆదివారం, ఉదయం 11.05

శ్రోత గారు బస్సులో సమస్యనూ ఇంట్లో సమస్యనూ ఒకే గాటన కట్టారు గానీ, నా లెక్క ప్రకారం అవి రెండు వేర్వేరు సమస్యలు. ప్లేయరుకు డెసిబెళ్లు తెలియవు. దానికి తెలిసింది వోల్టేజి ఒక్కటే. చెవి దగ్గర ఎంత శబ్దం పుడుతుందన్నది తగిలించిన హెడ్‌ఫోను మీద ఆధారపడుతుంది. హెడ్‌ఫోన్లు లేకుండా విడిగా అమ్మే ప్లేయర్లకు ఐరోపా ప్రమాణం పెట్టిన గరిష్ఠ హద్దు 150 మిల్లీవోల్టులు. ఒక ప్రామాణిక శబ్దాన్ని పూర్తి వాల్యూమ్‌లో వాయించి దానిని కొలుస్తారు.

ఇప్పుడు లెక్క చూడండి. 32 ఓముల (కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) మామూలు ఇయర్‌ఫోనుకు 150 మిల్లీవోల్టులు ఇస్తే అందే శక్తి 0.7 మిల్లీవాట్లు. ఆ ఇయర్‌ఫోను ఒక మిల్లీవాటుకు 100 డెసిబెళ్లు ఇచ్చే రకమైతే చెవికి 98కి పైగా చేరుతుంది, ఇది తక్కువేమీ కాదు. అదే 250 ఓముల స్టూడియో హెడ్‌ఫోను అయితే అందేది 0.09 మిల్లీవాట్లు మాత్రమే. మిల్లీవాటుకు 96 ఇచ్చే రకమనుకున్నా 85 దగ్గరే ఆగిపోతుంది. మీ పాత పాటల రికార్డింగు స్థాయి ఆ ప్రామాణిక శబ్దంకన్నా పది డెసిబెళ్లు తక్కువగా ఉంటే మిగిలేది 75. ఇంట్లో వాడే పెద్ద హెడ్‌ఫోను మీద ఎన్ని ఓములని రాసి ఉందో చూసి చెప్పండి. బస్సులో వాడేవి చెవి గుమ్మం దగ్గర ఆగే గట్టి ప్లాస్టిక్ రకమా, చెవి రంధ్రంలోకి దూరే సిలికాన్ తొడుగుల రకమా అన్నది కూడా చెప్పండి.

గోపాలపట్నం శ్రోత · ఆదివారం, మధ్యాహ్నం 1.30

పెద్ద హెడ్‌ఫోను తల పట్టీ లోపలివైపు 250 ఓములు అని సన్నని అక్షరాలతో ఉంది. ఒక రికార్డింగు స్టూడియో మూసేస్తుంటే పాత సామానులో కొన్నాను. మంచి సరుకు చవకగా దొరికిందని ఇంతకాలం మురిసిపోయాను. బస్సులో వాడేవి గట్టి ప్లాస్టిక్ రకమే. సిలికాన్‌వి పెట్టుకుంటే చెవి మూసుకుపోయినట్టుంటుందని మానేశాను.

రిపేరు బల్ల గారు చెప్పినట్టు మొదటి రోజు తెర మీద జర్మన్ భాషలో ఏదో వచ్చిన మాట వాస్తవం. మా బావమరిది దేనినో నొక్కి, "ఇది మామూలే బావా" అని చేతికిచ్చాడు. ఏది నొక్కాడో వాడికిప్పుడు గుర్తు లేదు.

చెవిపరీక్ష గది · ఆదివారం, సాయంత్రం 6.40

నేను ఆడియాలజిస్టును, అంటే వినికిడి పరీక్షలు చేసేదానిని. పరిమితి తీసే మార్గం చెప్పవద్దని నేను అనను, ఎందుకంటే పెద్దవారు తమ వస్తువును తమకు నచ్చినట్టు వాడుకుంటారు. అయితే తీసే ముందు బస్సు సంగతి ఒకసారి ఆలోచించమని మనవి. మోత ఉన్నచోట మనం పాటను మోతకన్నా కొంత పైకి పెంచుకుంటాం. అలా చేస్తున్నామని మనకు తెలియదు కూడా. నగర బస్సులో, అందులోనూ ఇంజను దగ్గరి సీటులో, మోత 80 డెసిబెళ్ల చుట్టూ తిరుగుతుంది. గట్టి ప్లాస్టిక్ ఇయర్‌ఫోన్లు దానిని ఏమాత్రం అడ్డుకోవు. మాటలు స్పష్టంగా వినిపించాలంటే పాటను 90కి పైన పెట్టక తప్పదు. అంటే మీకు శబ్దం తక్కువైందనడంకన్నా, బస్సు మోత నేరుగా చెవిలోకి వస్తోందనడం సబబు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2018లో తెచ్చిన హెచ్.870 ప్రమాణంలో పెద్దవారికి వారానికి 80 డెసిబెళ్ల చొప్పున 40 గంటలు, పిల్లలకు 75 చొప్పున 40 గంటలు హద్దుగా పెట్టారు. డెసిబెళ్లు మూడు పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది కనుక సమయం సగానికి తగ్గుతుంది. మీ ప్రయాణం వారానికి 12 గంటలు. ఆ లెక్కన 85 దగ్గర వింటే హద్దులోనే ఉంటారు. 92 దగ్గర వింటే మీ వారం కోటా రెండున్నర గంటల్లో, అంటే మంగళవారం ఉదయానికే అయిపోతుంది. 95 అయితే గంటంపావు. సోమవారం సాయంత్రం మీరు ఇల్లు చేరకముందే.

మీరు వద్దనుకున్న సిలికాన్ తొడుగులే దీనికి మందు. సరైన కొలతవి సరిగ్గా అమరితే బయటి మోత 15 నుంచి 25 డెసిబెళ్ల వరకు తగ్గుతుంది. ఇంజను గుర్రుమనే అడుగు శబ్దం మాత్రం అంతగా తగ్గదు. చెవి మూసుకుపోయినట్టుందన్నారు. అలా ఉంటేనే అవి పనిచేస్తున్నట్టు. ఒకటి రెండు రోజుల్లో అలవాటవుతుంది. బస్సు దిగి రోడ్డు దాటేటప్పుడు మాత్రం తీసి జేబులో వేసుకోండి.

ఇంకొక్క మాట. ఎడమవైపు తక్కువగా ఉందన్నారు కదా. ఇయర్‌ఫోన్లను అటుది ఇటు, ఇటుది అటు మార్చి పెట్టుకుని వినండి. తక్కువదనం ఇయర్‌ఫోనుతోపాటు కుడివైపుకు మారిందా, ఎడమ చెవిలోనే ఉండిపోయిందా అన్నది ఇక్కడ రాయండి.

ఏయూ హాస్టల్ 3వ అంతస్తు · ఆదివారం, రాత్రి 10.20

డాక్టరు గారి మాటలను గౌరవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. ఎర్త్ వైరు గారి లెక్కనే తీసుకోండి. నా దగ్గరున్నవి 16 ఓముల ఇయర్‌ఫోన్లు, మిల్లీవాటుకు 105 డెసిబెళ్లు ఇచ్చేవి. 150 మిల్లీవోల్టులకు వాటికి అందేది 1.4 మిల్లీవాట్లు, అంటే 106 దాటుతుంది. చట్టం 100 అన్నది, నా చెవికి 106 వచ్చింది. శ్రోత గారి హెడ్‌ఫోనుకు అదే చట్టం 85 ఇచ్చి ఊరుకుంది. కాపాడవలసిన నన్ను కాపాడకుండా, ఏ ప్రమాదమూ లేని ఆయన నోరు నొక్కే పరిమితిని పరిమితి అని ఎలా అనగలం? ఇది ఊరందరికీ ఒకే కొలతతో చెప్పులు కుట్టించినట్టుంది.

పైగా బ్లూటూత్ వచ్చాక వోల్టేజి లెక్కే పోయింది. ఫోను పంపేది అంకెలు. యాంప్లిఫయరు హెడ్‌ఫోను లోపలే ఉంటుంది. అయినా ఫోను మాత్రం, దానికి అవతల ఏముందో తెలియకుండానే, హెచ్చరిక చూపిస్తుంది. నేను కారు స్పీకరుకు కలిపినప్పుడు కూడా చెవులు పాడవుతాయని అది నాకు బుద్ధి చెప్పింది. పాత ప్లేయరయితే రాక్‌బాక్స్ అనే స్వేచ్ఛా ఫర్మ్‌వేరు (ప్లేయరును నడిపే లోపలి సాఫ్ట్‌వేరు) వేసుకుంటే కంపెనీ పెట్టిన హద్దులతో పని ఉండదు. శ్రోత గారి మోడలు ఆ జాబితాలో ఉందేమో చూసుకోవచ్చు.

జగదాంబ రిపేరు బల్ల · సోమవారం, ఉదయం 8.30

తమ్ముడూ, రాక్‌బాక్స్ మంచిదే, 2001 నుంచి నడుస్తున్న పని అది. కానీ అది కొన్ని పాత మోడళ్లకే సరిపోతుంది; మోడలు సరిచూడకుండా ఫర్మ్‌వేరు వేయబోయి ప్లేయరును పనిచేయని ఇటుకరాయి చేసుకున్నవారు నా దగ్గరికి వచ్చారు. శ్రోత గారికి అంత అవసరం లేదు. మెనూ తిరగేస్తే సరిపోతుందని నా ఉద్దేశం.

చెవిపరీక్ష గది · సోమవారం, మధ్యాహ్నం 2.10

హాస్టల్ తమ్ముడి విమర్శలో పస ఉంది. వోల్టేజి పరిమితి మొరటు పనిముట్టేనని నేనూ ఒప్పుకుంటాను. ప్రమాణాలు రాసేవారికీ అది తెలుసు. అందుకే 2017లో వచ్చిన ఐరోపా ప్రమాణం ఈఎన్ 50332 మూడో భాగం గరిష్ఠ శబ్దాన్ని వదిలి, వారం మొత్తంలో చెవికి చేరిన మోతాదును లెక్కపెట్టడం వైపు మళ్లింది. కానీ మీ లెక్కలో మీరే బయటపెట్టిన విషయాన్ని వదిలేశారు. 106 డెసిబెళ్లు ఇచ్చే ఇయర్‌ఫోన్లు మీ చెవిలోనే ఉన్నాయి. కార్ఖానాల కోసం అమెరికాలోని నియోష్ సంస్థ సిఫారసు చేసిన హద్దు 85 దగ్గర రోజుకు 8 గంటలు. దాని ప్రకారం 100 దగ్గర పావుగంటే. 106 దగ్గర నాలుగు నిమిషాలు కూడా లేదు, అంటే ఒక్క పాట. మీరు వాల్యూమ్ ఏ అంకె దగ్గర పెడుతున్నారు?

ఏయూ హాస్టల్ 3వ అంతస్తు · సోమవారం, మధ్యాహ్నం 2.45

సగానికి తక్కువే పెడతాను మేడమ్. రైలులో మాత్రం కొంచెం ఎక్కువ. అరకు వెళ్లే కిరండూల్ రైలులో సొరంగం వచ్చినప్పుడల్లా పెంచి, దాటాక తగ్గించడం మరచిపోతున్నానని మీరడిగాకే తట్టింది. ఆ దారిలో సొరంగాలు 58.

విశ్రాంత ఫిట్టరు · సోమవారం, రాత్రి 8.00

పెద్దవాడిని, నెమ్మదిగా టైపు చేస్తాను, మన్నించండి. ముప్పై నాలుగేళ్లు ఒక పెద్ద కార్ఖానాలో, రేకుల షెడ్డు కింద, రివెట్లూ గ్రైండర్ల మధ్య పని చేశాను. ఆ రోజుల్లో చెవిలో పెట్టుకోమని ఇచ్చిన ప్లగ్గులను జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లం, పెట్టుకుంటే తోటివాడి కేక వినిపించదని. ఇప్పుడు మామూలు మాట వినిపిస్తుంది గానీ స, ష, త, క తేడా తెలియదు. మనవరాలు "కాకి" అన్నా "తాత" అన్నా నాకు ఒక్కలాగే ఉంటుంది. రాత్రిపూట చెవిలో గుయ్‌మనే మోత ఉంటుంది.

నా ప్రశ్న వేరు. వినికిడి ఉన్నవారికి హద్దు పెట్టండి, కాదనను. నాకు ఇప్పటికే పోయింది. పాత పాట ఒకటి వినాలంటే నాకు ఎక్కువ శబ్దం కావాలి. ప్రతి కొన్ని రోజులకూ ఫోను "మీ చెవులు పాడవుతాయి" అని చెబుతుంది. పాడయినవాడికి ఆ మాట చెబితే ఎలా ఉంటుందో ఆ రాసినవాళ్లకు తెలుసా?

చెవిపరీక్ష గది · సోమవారం, రాత్రి 9.35

బాబాయిగారూ, మీ ప్రశ్న న్యాయమైనది. మోత వల్ల పోయే వినికిడి ముందుగా 4000 హెర్ట్‌జ్ దరిదాపుల్లో గుంత పడినట్టు పోతుంది. లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి చనిపోతే మనుషులలో మళ్లీ మొలవవు. హల్లుల తేడా తెలిపే సన్నని శబ్దాలు ఆ పైస్థాయిలోనే ఉంటాయి కనుక మాట వినబడుతుంది గానీ తెలియదు. ఇప్పుడు మొత్తం వాల్యూమ్ పెంచితే, మీకు బాగా వినిపించే కింది స్థాయి శబ్దాలు కూడా పెరిగి పాట డబడబమంటుంది, మిగిలి ఉన్న కణాల మీదా భారం పడుతుంది. మొత్తం పెంచకుండా, పోయినచోట మాత్రమే పెంచాలి. ప్లేయరు ఈక్వలైజరులో కుడివైపు గీతలను, అంటే 2000 హెర్ట్‌జ్ నుంచి పైనున్నవాటిని, కొద్దికొద్దిగా లేపి చూడండి. ఐఫోనులో అయితే 2020 నుంచి హెడ్‌ఫోను సర్దుబాట్లు అనే ఏర్పాటు ఉంది. మీ ఆడియోగ్రామ్‌ను (వినికిడి పరీక్ష గీతను) అందులో ఎక్కిస్తే దాని ప్రకారమే పాటను మలుస్తుంది. ఇవి వినికిడి యంత్రానికి బదులు కావు. పెదవాల్తేరులోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోండి.

విశ్రాంత ఫిట్టరు · మంగళవారం, ఉదయం 6.15

ఈక్వలైజరు కుడివైపు మూడు గీతలు లేపాను. వేణువు ఉన్న పాట అని ఇన్నాళ్లూ తెలియని పాటలో వేణువు వినిపించింది. పరీక్షకు మా అబ్బాయి తీసుకువెళ్తానన్నాడు.

పాత పాటల పెట్టె · మంగళవారం, ఉదయం 10.00

శ్రోత గారి పాటల గురించి ఎవరూ పట్టించుకోలేదు కనుక నేను రాస్తున్నాను. అదే ప్లేయరులో కొత్త పాటలు కొంత గట్టిగా వినిపిస్తాయి గదా అని ఆయనను అడిగితే అవుననే అంటారు. కొత్త రికార్డింగులను మాస్టరింగులో (విడుదలకు ముందు చివరగా చేసే శబ్ద సర్దుబాటులో) నొక్కి నొక్కి, మెత్తని భాగం కూడా గట్టిగా వినిపించేలా తయారు చేస్తారు. పాత పాటలు చాలావరకు గ్రామఫోను రికార్డుల నుంచో అరిగిన టేపుల నుంచో ఎక్కించినవి. రికార్డు మీద గీత పడినచోట వచ్చే టక్కుమనే చప్పుడు పాటలో అన్నిటికన్నా ఎత్తైన శబ్దం అవుతుంది. ఎక్కించినవారు ఆ చప్పుడు పగలకుండా చూసుకునేసరికి గాయకుడి గొంతు ఎక్కడో కింద ఉండిపోతుంది. ఫైలును "నార్మలైజ్" చేసినా ఉపయోగం లేకపోవడానికి కారణం అదే. ఆ పని శిఖరాన్ని కొలుస్తుంది, పాటను కాదు.

రీప్లేగెయిన్ అనే పద్ధతి సగటు గట్టిదనాన్ని కొలుస్తుంది. ఎంపీ3 ఫైళ్లకయితే ఎంపీ3గెయిన్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అది పాటను విప్పి మళ్లీ కుదించదు. ఫైలులో ప్రతి ముక్కకూ ఉండే గెయిన్ అంకెను, అంటే ఎంత గట్టిగా మోగాలో చెప్పే అంకెను, మాత్రం ఒకటిన్నర డెసిబెళ్ల మెట్లలో మారుస్తుంది. అందువల్ల నాణ్యత చెడదు, వద్దనుకుంటే వెనక్కు తిప్పవచ్చు. మామూలుగా అది 89 డెసిబెళ్లను గురిగా పెట్టుకుంటుంది. మీరు 92 పెట్టి చూడండి. గీతల చప్పుళ్లు కొంచెం పగులుతాయి గానీ, అవి ఎలాగూ చప్పుళ్లే. ముందు పది పాటల మీద ప్రయోగించి, తరువాత మిగతావాటి జోలికి వెళ్లండి. ఘంటసాల మాస్టారి పద్యాల వంటివి మాత్రం విడిగా పెట్టుకోండి. వాటిలో మంద్రానికీ తారస్థాయికీ ఉన్న దూరమే అందం, ఒక పద్యాన్ని పెంచితే పై పలుకులు చీలిపోవచ్చు.

లాసన్స్‌బే అమ్మ · మంగళవారం, మధ్యాహ్నం 12.20

అమ్మాయి ఫోను సంగతి నేను చెబుతాను, ఇద్దరు పిల్లలతో పడుతున్నదానిని. శామ్‌సంగ్ ఫోను అయితే సెట్టింగులలో సౌండ్స్ లోపల వాల్యూమ్‌లోకి వెళ్లి, పై మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కితే మీడియా వాల్యూమ్ పరిమితి కనిపిస్తుంది. దానికి పిన్ పెట్టవచ్చు. ఐఫోను అయితే హెడ్‌ఫోన్ సేఫ్టీ అనే చోట 75 నుంచి 100 డెసిబెళ్ల మధ్య మీరు ఎంచిన అంకె దగ్గర ఆపవచ్చు. తరువాత స్క్రీన్ టైమ్‌లో ఆ ఏర్పాటును మార్చనీయకుండా తాళం వేయాలి. ఇదేమీ కొత్త ఆలోచన కాదు, 2006 మార్చిలోనే ఐపాడ్‌లకు అంకెల తాళంతో ఇటువంటి ఏర్పాటు ఇచ్చారు.

"పిల్లల హెడ్‌ఫోన్లు, 85 డెసిబెళ్లు మించవు" అని డబ్బా మీద చూసి నమ్మకండి. తీగ ఉన్నవాటిలో చాలావరకు ఆ పరిమితి ఒక చిన్న రెసిస్టరు. గట్టిగా మోగే ఫోనుకు తగిలిస్తే అదీ దాటిపోతుంది. మేము కొన్నదానిలో ఆ రెసిస్టరు తీగకు మధ్యలో విడిగా తగిలించే ముక్కలో ఉండేది. మావాడు రెండో రోజునే ఆ ముక్కను పీకి, పెన్సిలు డబ్బాలో దాచి, మామూలు తీగతో వినడం మొదలుపెట్టాడు. నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది.

చెప్పకుండా తాళం వేస్తే ఆమె మరో ఫోను వెతుక్కుంటుంది. పక్క గదికి పాట వినిపిస్తోందంటే ఆమెవి కూడా మీలాగే చెవి మూయని ఇయర్‌ఫోన్లేమో ముందు చూడండి; వాటి నుంచి శబ్దం కారడం మామూలే.

గోపాలపట్నం శ్రోత · శనివారం, రాత్రి 9.10

ఆలస్యానికి మన్నించండి. అందరూ చెప్పినవి ఒక్కొక్కటిగా చేసి చూసి రాయాలని ఆగాను.

మెనూ తిరగేస్తే ప్రాంతం ఎంపిక లేదు గానీ, వాల్యూమ్ హెచ్చరిక అన్నచోట "ఒప్పుకోలేదు" అన్నట్టు గుర్తు ఉంది. దానిని మార్చాను. నేను చూసిన 30 అంకె నిజంగానే చివర కాదు; ఇప్పుడు 40 వరకు వెళ్తోంది. ద్వారకానగర్‌లో సిలికాన్ తొడుగుల ఇయర్‌ఫోన్లు కొన్నాను. మూడు కొలతల తొడుగులు ఇచ్చారు. మధ్యవి పెట్టుకుంటే పాటలోని అడుగు శబ్దం (బేస్) రాలేదు, పెద్దవి పెట్టుకుంటే వచ్చింది. గాజువాక సెంటరులో కూడా 40లో 19 దగ్గర పాట మాటలు తెలుస్తున్నాయి. అంటే తీసిన పరిమితితో బస్సులో నాకు పని పడలేదు. ఎంపీ3గెయిన్ పది పాటల మీద చేశాను. ఎనిమిది బాగున్నాయి, రెండింటిలో గీతల చప్పుడు ముల్లులా గుచ్చుతోంది, వాటిని వెనక్కు తిప్పాను. పద్యాల జోలికి పోలేదు. 250 ఓముల హెడ్‌ఫోనుకు 40 దగ్గర కూడా చాలడం లేదు. ఎర్త్ వైరు గారూ, దీనికి విడిగా యాంప్లిఫయరు కొనాలా?

అమ్మాయితో మాట్లాడాను. ఆమెవి కూడా గట్టి ప్లాస్టిక్‌వే. సిలికాన్‌వి ఇస్తే తానే తగ్గించి వింటానని ఒప్పందం కుదిరింది. తాళం కూడా వేశాను, చెప్పే వేశాను.

చెవిపరీక్ష గది వారికి: ఇయర్‌ఫోన్లు అటూ ఇటూ మార్చి విన్నాను. కొత్తవి కూడా మార్చి చూశాను. తక్కువదనం ఎడమ చెవిలోనే ఉండిపోతోంది.

చెవిపరీక్ష గది · శనివారం, రాత్రి 9.40

అయితే పిన్నును అనుమానించడం మానండి. ఈ వారంలోనే ఎవరైనా చెవి డాక్టరుకు చూపించండి. చాలాసార్లు అది గుబిలి మాత్రమే అవుతుంది, కానీ చూడకుండా ఊహించకూడదు. పుల్లలు, పిన్నీసులు, దూది పుల్లలు ఏవీ పెట్టకండి. ఒకవేళ వినికిడి ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో తగ్గి ఉంటే వారం కూడా ఆగవద్దు, రేపే వెళ్లండి.

ఎర్త్ వైరు · ఆదివారం, ఉదయం 7.20

శ్రోత గారూ, ఒక్క హెడ్‌ఫోను కోసం యాంప్లిఫయరు కొనడంకన్నా 32 ఓముల మూసిన రకం హెడ్‌ఫోను కొనడం చవక. ఆ 250 ఓములది అమ్మదలిస్తే ముందు నాకు చెప్పండి.

గోపాలపట్నం శ్రోత · గురువారం, రాత్రి 8.25

తగ్గడం ఉన్నట్టుండి జరిగింది కాదు, నెలల తరబడి మెల్లగా వచ్చినది. అందుకే సెలవు చూసుకుని ఈ రోజు వెళ్లాను. ఎడమ చెవిలో గుబిలి గట్టిపడి దాదాపు మూసుకుపోయి ఉంది. గట్టి ప్లాస్టిక్ ఇయర్‌ఫోను జాలీలో కూడా అదే పేరుకుందని డాక్టరు గారు చూపించారు. తీశాక కుడీ ఎడమా సమానమయ్యాయి. తిరుగు బస్సులో 40లో 14 చాలింది. వినికిడి పరీక్ష కాగితంలో రెండు చెవులకూ 4000 దగ్గర గీత కొంచెం కిందికి దిగింది; ఏడాది తరువాత మళ్లీ రమ్మన్నారు.

ఎర్త్ వైరు గారూ, హెడ్‌ఫోను మీకే. ఆదివారం ఎన్ఏడీ దగ్గర కలుద్దాం.